బోరు మోటారు కేబుల్‌కు ఇన్సులేషను పరీక్ష

కనిగిరి, పామూరు, వెలిగండ్ల, హనుమంతునిపాడు ప్రాంతములలో సేద్యము చాలవరకు బోరుబావులపై ఆధారపడి యున్నది. కాలువ నీరందని ఈ మెట్టభూములలో మిరప, పత్తి, బత్తాయి, కూరగాయలు పండించు రైతు వందల అడుగుల లోతునుండి నీటిని పైకి తెచ్చుకొనవలసి యున్నది. ఒకప్పుడు మోటతోను, తరువాత ఆయిలు ఇంజనుతోను తోడిన నీటిని నేడు బోరులో మునిగియుండు సబ్‌మెర్సిబుల్ మోటారు తోడుచున్నది. ఆ మోటారుకు కరెంటును మోసుకొనిపోవు కేబుల్ పగలు రాత్రి నీటిలోనే ఉండును. దాని తొడుగు ఎచట నలిగినదో, ఎచట చిట్లినదో కంటికి కనబడదు.

పైరుకు తెగులు సోకినచో ఆకును చూచి తెలిసికొనవచ్చును. కేబుల్‌కు కలిగిన జబ్బు మాత్రము మోటారు కాలిపోయినప్పుడో, ఇనుప పైపును పట్టుకొన్న మనిషికి షాకు తగిలినప్పుడో గాని బయటపడుటలేదు. మిరప పూతమీద నున్నప్పుడు మోటారు కాలినచో, దానిని పైకి లాగి, వైండింగు కట్టించి, తిరిగి దింపునప్పటికి కొన్ని తడులు తప్పిపోవును. ఆ నష్టము ఒక పంటతో తీరవచ్చును. మనిషి పోయినచో తీరునది కాదు. ఈ రెండు నష్టములను ముందుగా పసిగట్టుటకు ఒక చిన్న పరీక్ష కలదు. అది ఒక నిమిషములో ముగియును. దానినే ఇన్సులేషను నిరోధ పరీక్ష అందురు. రైతులు దీనిని గురించి తెలిసికొని, తెలిసిన పనివానిచేత తప్పక చేయించుకొనవలెను.

ఇన్సులేషను అనగానేమి?

కేబుల్‌లో రాగితీగ కరెంటుకు దారి. ఆ తీగపైనున్న పి.వి.సి. తొడుగు కరెంటుకు గట్టు. కాలువ గట్టు నీటిని పక్కకు పోనీయనట్లే, ఈ తొడుగు కరెంటును నీటిలోనికి, పైపులోనికి, భూమిలోనికి పోనీయదు. ఈ అడ్డగించు శక్తిని నిరోధము అందురు. దీని కొలమానము ఓము. మంచి తొడుగు నిరోధము మిక్కిలి ఎక్కువగా నుండును గాన దానిని మెగోములలో కొలిచెదరు. ఒక మెగోము అనగా 10 లక్షల ఓములు.

ఎంత మంచి గట్టుకైనను కొద్దిపాటి ఊట ఉండును. అట్లే మంచి తొడుగునుండి కూడ అత్యల్పముగా కరెంటు జారుచుండును. దానివలన బాధ లేదు. తొడుగు పాతబడి, నలిగి, నీరు పీల్చుకొన్నకొలది ఊట గండిగా మారును. గండి పడకముందే ఊటను కొలుచుటయే ఈ పరీక్ష.

తొడుగు చెడుటకు కారణములు

1. మోటారు దింపునప్పుడు కేబుల్ కేసింగు పైపు అంచుకు ఒరసికొనుట.

2. కేబుల్‌ను డెలివరీ పైపుకు క్లాంపులతో సరిగా కట్టకపోవుట. మోటారు ఆడినప్పుడెల్ల పైపు అదరును. వదులుగానున్న కేబుల్ బోరు గోడకు రాచుకొని అరుగును.

3. కేబుల్‌ను మోటారు తీగలతో కలుపు జాయింటు సరిగా వేయకపోవుట. ఎక్కువ లోపములు ఇచటనే పుట్టును. రబ్బరు టేపును బాగుగా సాగదీసి పొరలు పొరలుగా చుట్టక, పైపైన పి.వి.సి. టేపు మాత్రము చుట్టినచో నీరు త్వరలోనే లోనికి దిగును.

4. మోటారు అధిక భారముతోగాని, తక్కువ వోల్టేజీతోగాని, రెండు ఫేజులతోగాని ఆడి వేడెక్కుట. వేడి తొడుగును పెళుసుగా చేయును.

5. స్టార్టరు పెట్టెవద్ద ఎండకు కేబుల్ బీటలు వారుట, ఎలుకలు కొరుకుట, పిడుగుపాటు.

6. నీటిలోని లవణములు. శుద్ధమైన నీటికంటె లవణములు కరిగిన నీరు కరెంటును సులభముగా పోనిచ్చును. కనిగిరి ప్రాంతపు భూగర్భజలములో ఫ్లోరైడు అధికమన్న సంగతి అందరికి తెలిసినదే. ఇట్టి లవణపు నీరున్న బోరులలో తొడుగునకు సూదిమొనంత రంధ్రము పడినను కరెంటు తేలికగా బయటికి పోవును.

ఫ్యూజు చెప్పని సంగతి

ఫ్యూజు ఉన్నది గదా, లోపమున్నచో అది పోవును గదా అని చాలమంది నమ్మకము. ఇది సరికాదు. ఫ్యూజు మోటారును, తీగలను కాపాడుటకు పెట్టినది. మనిషిని కాపాడుటకు అది చాలదు. ఈ లెక్కను చూడుడు.

ఒక ఫేజుకు, భూమికి మధ్య సుమారు 230 వోల్టులు ఉండును. తొడుగు నిరోధము 1 మెగోము ఉన్నచో జారు కరెంటు 0.23 మిల్లీ ఆంపియరు మాత్రమే. నిరోధము 10,000 ఓములకు పడిపోయినచో 23 మిల్లీ ఆంపియర్లు జారును. 1,000 ఓములకు పడిపోయినచో 230 మిల్లీ ఆంపియర్లు జారును.

మనిషి శరీరముగుండా 10 మిల్లీ ఆంపియర్లు దాటి ప్రవహించినచో కండరములు బిగిసి, పట్టిన చేయి విడివడక పోవచ్చును. 30 దాటినచో ప్రాణాపాయము. 5 హార్స్ పవరు మోటారు ఆడునప్పుడు ఒక్కొక్క ఫేజులో తీసికొను కరెంటు సుమారు 7 నుండి 9 ఆంపియర్లు, అనగా 7,000 నుండి 9,000 మిల్లీ ఆంపియర్లు. ఆ భారమును మోయు ఫ్యూజుకు 230 మిల్లీ ఆంపియర్ల ఊట లెక్కలోనికే రాదు. ఫ్యూజు నిలిచియుండును, మోటారు నీళ్లు పోయుచుండును, ప్రమాదము మాత్రము పొంచియుండును.

ఎర్తు విషయము కూడ ఇట్టిదే. మన ఎర్ర నేలలు వేసవిలో బాగుగా ఎండిపోవును. అట్టి నేలలో ఎర్తు గుంట నిరోధము 20 ఓములు ఉన్నదనుకొందము. ఒక ఫేజు తీగ నేరుగా ఇనుప పైపును తాకినను 230ని 20చే భాగింపగా పదకొండున్నర ఆంపియర్లు మాత్రమే పారును. ఫ్యూజు స్థానములో లావు తీగ చుట్టియున్నచో అది కరగనే కరగదు. పైపు కరెంటుతో అట్లే నిలిచియుండును. కావున ఎర్తు గుంటను తడిగా ఉంచవలెను. ఫ్యూజుకు తగిన తీగనే వాడవలెను. ఎర్తు లీకేజి బ్రేకరు పెట్టించుకొనుట మరింత మేలు. ఇవన్నియు ప్రమాదము వచ్చినప్పుడు అడ్డుపడునవి. ప్రమాదము రానున్నదని ముందుగా తెలుపునది ఇన్సులేషను పరీక్ష ఒక్కటే.

మెగ్గరు అను పరికరము

ఈ పరీక్షకు వాడు పరికరమును మెగ్గరు అందురు. ఇంగ్లండునందు సిడ్నీ ఎవర్షెడ్ అను ఇంజనీరు 1889లో ఇట్టి పరికరమునకు పేటెంటు పొందెను. మెగ్గరు అను పేరు తరువాత 1903లో రిజిస్టరు అయినది. పాతరకము మెగ్గరులో చేతితో తిప్పు చిన్న జనరేటరు ఉండును. ఇప్పటివి ఎక్కువగా బ్యాటరీతో పనిచేయును. రెండింటి పని ఒక్కటే. అవి 500 వోల్టుల డి.సి. ఒత్తిడిని కేబుల్‌పై పెట్టి, తొడుగునుండి ఎంత కరెంటు జారుచున్నదో గ్రహించి, నిరోధమును మెగోములలో చూపును.

మల్టీమీటరు ఉన్నది చాలదా అని కొందరడుగుదురు. చాలదు. సైకిలు ట్యూబుకు పంచరు వేయువాడు ఖాళీ ట్యూబును నీటి తొట్టెలో ముంచడు. గాలి నిండుగా కొట్టి, ఆ తరువాత ముంచును. అప్పుడే సన్నని రంధ్రమునుండి బుడగలు వచ్చును. మల్టీమీటరు కొద్ది వోల్టుల బ్యాటరీతో పనిచేయును. అది గాలిలేని ట్యూబును పరీక్షించుట వంటిది. పూర్తిగా తెగిన, అంటుకొనిన తీగలనది చూపగలదు గాని బలహీనపడిన తొడుగును చూపలేదు. ఫేజు చూచు టెస్టరు కరెంటు ఉన్నదా లేదా అని తెలుపునే గాని తొడుగు బాగోగులను తెలుపదు.

పరీక్ష చేయు విధానము

ఈ పని లైసెన్సుగల ఎలక్ట్రీషియను గాని, అనుభవముగల మోటారు పనివాడు గాని చేయవలెను. రైతు దగ్గర నిలిచి, క్రింది వరుస తప్పకుండ చూచుకొనవలెను.

1. మెయిను స్విచ్చి ఆపి, ఫ్యూజులు మూడును ఊడదీసి రైతు తన జేబులో వేసికొనవలెను. ఆటోస్టార్టరు ఉన్నచో దానిని తప్పక ఆపవలెను. కరెంటు వచ్చిన వెంటనే తనంతట తానే మోటారును నడుపు ఆటోస్టార్టరు, చేతిలో తీగ పట్టుకొనియున్న మనిషికి యముడగును.

2. మూడు ఫేజులలోను కరెంటు లేదని టెస్టు ల్యాంపుతో నిర్ధారణ చేసికొనవలెను.

3. బోరునుండి వచ్చు కేబుల్ తీగలను స్టార్టరునుండి విడదీయవలెను. విడదీయకున్నచో మెగ్గరు వోల్టేజీకి స్టార్టరులోని ఎలక్ట్రానిక్ పరికరములు చెడిపోవచ్చును. కొలత కూడ తప్పుగా వచ్చును.

4. తీగల కొనలను పొడిగుడ్డతో శుభ్రముగా తుడువవలెను. దుమ్ము, తడి ఉన్నచో మంచి కేబుల్ కూడ చెడ్డదిగా కనబడును.

5. మెగ్గరును సరిచూడవలెను. దాని రెండు తీగలు విడిగానున్నప్పుడు అనంతమును, ఒకదానినొకటి తాకించినప్పుడు సున్నను చూపవలెను.

6. మెగ్గరు ఎర్తు తీగను ఇనుప డెలివరీ పైపుకు గాని, ఇనుప కేసింగుకు గాని, తుప్పు గీకిన చోట బిగింపవలెను. రెండును ప్లాస్టిక్ పైపులైనచో మంచి ఎర్తు కడ్డీకి బిగింపవలెను.

7. రెండవ తీగను కేబుల్ తీగలలో ఒకదానికి తగిలించి, 500 వోల్టుల ఒత్తిడి ఒక నిమిషముసేపు పెట్టి, నిమిషము చివర కొలతను చూడవలెను. ఆ సమయములో కేబుల్ కొనలను గాని, పైపును గాని ఎవ్వరును తాకరాదు.

8. మూడు తీగల కేబుల్ అయినచో అవి మోటారు వైండింగులో కలిసియుండును గాన మూడును ఇంచుమించుగా ఒకే కొలత చూపును. అట్లు చూపనిచో లోపల తీగ తెగియుండవచ్చును. స్టార్ డెల్టా స్టార్టరుగల ఆరు తీగల మోటారునందు మూడు వైండింగులను వేరువేరుగా భూమితోను, ఒకదానితో నొకటియు పరీక్షింపవలెను.

9. పరీక్ష ముగిసిన వెంటనే తీగలను ఎర్తుకు తాకించి, కేబుల్‌లో నిలిచిన కరెంటును వదలించవలెను.

మోటారుకు 500 వోల్టుల మెగ్గరే వాడవలెను. పెద్ద కేబుల్‌లకు వాడు 2,500 లేక 5,000 వోల్టుల మెగ్గరు పెట్టినచో బాగున్న వైండింగు కూడ దెబ్బతినవచ్చును.

కొలతను అర్థము చేసికొనుట

1956 నాటి భారత విద్యుత్ నిబంధనలలో, 500 వోల్టులు ఒక నిమిషము పెట్టినప్పుడు వినియోగదారుని వైరింగు నిరోధము కనీసము 1 మెగోము ఉండవలెనని చెప్పబడినది. 2010లో వచ్చిన కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ నిబంధనలు కూడ ఈ కొలతనే నిలిపినవి. బోరులో మునిగియున్న మోటారును, కేబుల్‌ను కలిపి కొలిచినప్పుడు మోటారు పనివారు సాధారణముగా ఈ క్రింది విధముగా ఎంచెదరు.

2 మెగోములు, అంతకు మించి: ఇన్సులేషను బాగున్నది.

అర మెగోమునుండి 2 మెగోముల వరకు: నడుపవచ్చును గాని జాగ్రత్త అవసరము. 1 మెగోముకు తగ్గినచో మరమ్మతును వాయిదా వేయరాదు. మరల పరీక్షింపవలెను.

అర మెగోముకు లోపు: తొడుగో, జాయింటో, వైండింగో దెబ్బతినినది. మోటారును పైకి తీసి బాగుచేయించవలెను.

సున్న, లేక సున్నకు దగ్గర: మోటారును నడుపనే రాదు. ఫ్యూజు మార్చి మరియొకసారి చూతమన్న ఆలోచన ప్రమాదకరము.

ఒక్క కొలతకంటె కొలతల వరుస ఎక్కువ సంగతి చెప్పును. ఉదాహరణకు ఒక రైతు బోరు జూన్ నెలలో 20 మెగోములు, సెప్టెంబరులో 12, డిసెంబరులో 3 చూపినదనుకొందము. మూడు కొలతలును మంచివే. కాని ఆ వరుస మంచిది కాదు. ఎచటనో నీరు లోనికి దిగుచున్నదని అర్థము. ఏండ్ల తరబడి 3 మెగోములవద్దనే నిలిచియున్న మరియొక బోరు అంత భయపడదగినది కాదు. కావున కొలతను తేదీతోసహా ఒక నోటుపుస్తకములో వ్రాసి ఉంచవలెను.

కొలతలను పోల్చునప్పుడు రెండు సంగతులు జ్ఞాపకముంచుకొనవలెను. మొదటిది వేడి. వేడి పది డిగ్రీలు పెరిగినచో నిరోధము సుమారు సగమునకు తగ్గును. కనుక మోటారు ఆగిన వెంటనే గాక, చల్లారిన తరువాత ప్రతిసారి ఒకే తీరున కొలువవలెను. రెండవది పొడవు. కేబుల్ పొడవైనకొలది ఊట జారు చోటు పెరుగును. 200 అడుగుల కేబుల్ 100 మెగోములు చూపినచో, అదే రకము కేబుల్ 400 అడుగులు 50 మెగోములే చూపును. నీటిమట్టము పడిపోయి మోటారును మరింత లోతునకు దింపి, కేబుల్ అతికించినప్పుడు కొలత కొంత తగ్గుట సహజము.

లోపము ఎచట నున్నది?

కొలత చెడ్డదిగా వచ్చినంతమాత్రమున మోటారే కాలినదని తలచి వైండింగు విప్పించరాదు. మోటారును పైకి తీసిన తరువాత జాయింటువద్ద కేబుల్‌ను విడదీసి, మోటారును వేరుగా, కేబుల్‌ను వేరుగా పరీక్షింపవలెను. మోటారు మంచి కొలత చూపినచో లోపము కేబుల్‌లోనో, జాయింటులోనో ఉన్నదన్నమాట. వైండింగు ఖర్చు మిగిలినట్లే.

కేబుల్‌లో లోపమున్న చోటును కనుగొనుటకు సులభమార్గము నీటి తొట్టె. కేబుల్ చుట్టలో కొంత భాగమును నీటిలో ముంచి, రెండు కొనలను పైన పొడిగా ఉంచవలెను. మెగ్గరు ఎర్తు తీగను నీటిలో వేసిన ఇనుప ముక్కకు, రెండవ తీగను కేబుల్ తీగకు కలిపి కొలువవలెను. ఆ తరువాత మెగ్గరును ఆపి, నిలిచిన కరెంటును వదలించి, తక్కిన భాగమును ముంచి మరల కొలువవలెను. ఏ భాగము మునిగినప్పుడు కొలత పడిపోవునో గాయము ఆ భాగములో నున్నది. క్రొత్త జాయింటు వేసినప్పుడు కూడ దానిని కొంతసేపు నీటిలో నానబెట్టి ఇట్లు కొలిచిన తరువాతనే బోరులోనికి దింపవలెను. బోరులోనికి దిగిన జాయింటును మరల చూచుటకు పైపులన్నియు లాగవలసియుండును.

11 కె.వి. కేబుల్ సంగతి

పొలమువద్దనున్న ట్రాన్స్‌ఫార్మరు 11,000 వోల్టుల కరెంటును 433 వోల్టులకు దించి మోటారుకిచ్చును. కంబములపైనున్న 11 కె.వి. తీగలకు తొడుగు లేదు. గాలియు, పింగాణి ఇన్సులేటరులును వాటికి ఇన్సులేషను. సబ్‌స్టేషనునుండి లైను బయలుదేరు చోట, కొన్ని రోడ్ల క్రింద మాత్రము భూమిలో పూడ్చిన కేబుల్‌లు ఉండును. 1890 ప్రాంతమున లండనుకు డెట్‌ఫర్డ్ నుండి 10,000 వోల్టుల కేబుల్ వేసిన ఫెరాంటి, మైనము పట్టించిన కాగితమును తొడుగుగా వాడెను. నేటి 11 కె.వి. కేబుల్‌లలో ఎక్స్.ఎల్.పి.ఇ. అను గట్టి ప్లాస్టిక్ తొడుగు సుమారు మూడున్నర మిల్లీమీటర్ల మందమున నుండి, అంతటి వోల్టేజీని ఆపుచున్నది.

ఈ కేబుల్‌లను కూడ విద్యుత్ సంస్థ సిబ్బంది మెగ్గరుతోనే పరీక్షించెదరు. ట్రాక్టరు టైరుకు సైకిలు పంపు చాలనట్లే, వీటికి 500 వోల్టులు చాలవు. 5,000 వోల్టుల మెగ్గరు వాడెదరు. ఒక నిమిషపు కొలతను పది నిమిషముల కొలతతో పోల్చెదరు. మంచి పొడి తొడుగునందు సమయము గడచినకొలది కొలత పెరుగును. తడిసిన తొడుగునందు పెరుగక నిలిచిపోవును. పరీక్ష ముగిసి మెగ్గరును తీసివేసిన తరువాత కూడ ఇట్టి పొడవైన కేబుల్‌లో ప్రాణము తీయగల కరెంటు నిలిచియుండును. ఎర్తు కడ్డీతో దానిని పూర్తిగా వదలించిన పిమ్మటనే సిబ్బంది కేబుల్‌ను ముట్టుకొనెదరు.

దీనినుండి రైతు గ్రహింపవలసినదేమనగా, ట్రాన్స్‌ఫార్మరుపై ఫ్యూజు పోయినప్పుడు గాని, ఎ.బి. స్విచ్చి లాగవలసినప్పుడు గాని తానుగా చేయి పెట్టరాదు. లైను ఆగినట్లు కనబడినంతమాత్రమున చచ్చిన లైను కాదు. లైన్‌మన్‌ను పిలువవలెను, లేక 1912 నెంబరుకు ఫోను చేయవలెను.

ఎప్పుడు చేయించవలెను?

సంవత్సరమునకు కనీసము రెండుసార్లు, అనగా తొలకరికి ముందొకసారి, ఈశాన్య ఋతుపవన వర్షములు వెనుకబడిన తరువాత మరియొకసారి ఈ పరీక్ష చేయించవలెను. ఇవిగాక మోటారును దింపుటకు ముందు, దింపిన వెంటనే, దగ్గరలో పిడుగు పడిన తరువాత, ఫ్యూజు మాటిమాటికి పోవుచున్నప్పుడు చేయించవలెను. పైపును తాకిన పశువు బెదరినను, తడిచేతికి జిలజిల అనిపించినను మోటారును వెంటనే ఆపి, పరీక్ష చేయించువరకు తిరిగి నడుపరాదు.

ఒక్కొక్క రైతు మెగ్గరు కొనవలసిన పని లేదు. ఒక గ్రామములో పదిమంది బోరు రైతులు కలిసి 500 వోల్టుల మెగ్గరు ఒకటి కొని, నమ్మకమైన ఎలక్ట్రీషియనువద్ద ఉంచినచో ఊరంతటికి చాలును. మోటారు వైండింగు చేయు దుకాణములలో చాలవాటియందు ఈ పరికరము ఉండును. మరమ్మతైన మోటారును తీసికొనునప్పుడు మెగోము కొలత ఎంతయో అడిగి, బిల్లుపై వ్రాయించుకొనుట రైతు హక్కు.

విత్తనము కొనునప్పుడు మొలక శాతమును అడుగుచున్నాము. భూసార పరీక్ష చేయించి ఎరువు వేయుచున్నాము. అట్లే బోరు మోటారుకు మెగోము లెక్క చూచుకొను అలవాటు ప్రతి రైతుకు రావలెను. స్టార్టరు పెట్టె తలుపు లోపలివైపున ఒక కాగితము అతికించి, తేదీ, కొలత, కొలిచినవాని పేరు వ్రాసినచో చాలును. ఆ కాగితముపై అంకె తగ్గుచున్నట్లు కనబడిననాడే మోటారును పైకి తీయించవలెను.